లాకు గోడ మీద సుద్దరాత

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పాలకొల్లు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, అమలాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి, రాజోలు వైపు తీరగ్రామం నుంచి ఒక గృహిణి రాశారు. ఒకరి ప్రశ్నకు మరొకరి ఉత్తరంలో సగం జవాబు ఉంది కనుక మూడింటినీ ఒక్కచోటే తీసుకుంటున్నాను.

ప్రశ్న: 2022లో శ్రీలంకలో, 2024లో బంగ్లాదేశ్‌లో, 2025లో నేపాల్‌లో జనం వీధుల్లోకి వచ్చి ప్రభుత్వాలను దించేశారు. మన దగ్గర ధర్నా లేని రోజు ఉండదు, కానీ ప్రభుత్వాలు మాత్రం ఎన్నికల్లోనే మారుతున్నాయి. రాజకీయ వ్యవస్థలు బలంగా ఉన్నచోట ధర్నాలు తగ్గాలి కదా? ఇన్ని ధర్నాలు జరుగుతున్నాయంటే మన వ్యవస్థలు బలహీనమనా, బలమనా? (విశ్రాంత ఉపాధ్యాయులు, పాలకొల్లు)

జవాబు: మాస్టారూ, ధర్నాలు ఎన్ని జరుగుతున్నాయన్న లెక్కతో వ్యవస్థ బలాన్ని కొలవలేమని నా అభిప్రాయం. జరిగిన ధర్నా ఎక్కడికి చేరి ఆగుతుందో చూడాలి. ఈ మాట అర్థం కావడానికి ముందు నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబుతాను.

నా పాతికేళ్ల వయసులో, ఒక దాళ్వా (రెండో పంట) కాలంలో, కాలువ చివరనున్న మా శివారు రైతులు లాకు (కాలువ నీటిని ఆపి వదిలే తలుపుల కట్టడం) వంతెన మీద ఎడ్లబండ్లు అడ్డం పెట్టి రాస్తారోకో చేశారు. చేలు పొట్టదశలో ఉన్నాయి. ఎగువ వాళ్ల తూములన్నీ నిండుగా పారుతుంటే మా బోదెల్లో బురద కూడా ఆరిపోయి నెర్రెలు తీసింది. మధ్యాహ్నానికి నీటిపారుదల శాఖ ఇంజినీరు జీపులో వచ్చారు. ఆయన ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. కాలువ తలుపులు చూసే లస్కరు చేత సుద్దముక్క తెప్పించి, లాకు గోడ మీద తానే రాశారు: మంగళవారం రాత్రి వరకు ఎగువకు, బుధవారం ఉదయం నుంచి మూడు రోజులు శివారుకు. ఒక్క క్షణం ఆగి, దాని కింద చిన్న అక్షరాలతో మరో వరుస కలిపారు: నీటిమట్టం తగ్గితే రెండు రోజులే. ఆ రెండో వరుస మీద పెద్ద రభస జరిగింది. అయినా సాయంత్రానికి బండ్లు తీసేశారు. బుధవారం తెల్లవారుజామున నీళ్లు వచ్చాయి, రెండున్నర రోజులు పారాయి. ఆ పంట అయిపోయేదాకా మళ్లీ ఎవరూ వంతెన ఎక్కలేదు.

రెండు మూడేళ్ల తర్వాత మరో ఇంజినీరు అదే గోడ మీద అంతకంటే పెద్ద అక్షరాలతో వంతులు రాశారు. రాత్రిపూట ఎగువన తలుపులు ఎత్తేశారు, ఆపినవాళ్లు లేరు, శివారుకు చుక్క దిగలేదు. ఆ తర్వాత ఆ గోడ మీద ఏమి రాసినా బండ్లు కదల్లేదు. గోడా అదే, శాఖా అదే, చట్టమూ అదే. మారిందల్లా సుద్దరాత మీద నమ్మకం ఒక్కటే. రాజకీయ శాస్త్రవేత్తలు వ్యవస్థ బలమని పెద్ద మాటల్లో చెప్పేదంతా నాకు ఆ నమ్మకంగానే కనిపిస్తుంది. అడిగినదానికి ‘అవును’ అనగలగడం సులువు. కారణం చూపి, గడువు చెప్పి, ‘ఇంతవరకే’ అని కూడా చెప్పి, ఆ మాటను జనం చేత నమ్మించుకోగలిగిన వ్యవస్థే బలమైనది.

ఇప్పుడు మీరు చెప్పిన మూడు దేశాలనూ ఈ కళ్లతో చూడండి. శ్రీలంకలో 2020లో 20వ రాజ్యాంగ సవరణ అధికారాలను అధ్యక్షుడి చేతిలో పోగుచేసింది. తమ్ముడు గొటబాయ రాజపక్స అధ్యక్షుడు, ఆయన అన్న ప్రధానమంత్రి. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని దాదాపు రాత్రికి రాత్రే నిషేధించారు. వరిచేలు, తేయాకు తోటలు దెబ్బతిన్నాక కొన్ని నెలలకు వెనక్కి తీసుకున్నారు. ఎరువు లేని పొలం ఎలా ఉంటుందో డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. అంత పెద్ద నిర్ణయాన్ని ‘ఆగండి’ అని ఆపగలిగిన గుమ్మం ఆ దేశంలో ఒక్కటీ మిగలలేదు. అందువల్లనే 2022 జూలై 9న జనం అధ్యక్ష భవనంలోకే నడిచారు. అయితే అక్కడ పార్లమెంటు మిగిలింది. గొటబాయ రాజపక్స రాజీనామా తర్వాత ఆ పార్లమెంటే మిగిలిన పదవీకాలానికి మరొకరిని ఎన్నుకుంది, 2024లో ప్రజలు ఓటుతో తమ అధ్యక్షుణ్ని ఎంచుకున్నారు. వీధిలో మొదలైనది బ్యాలెట్ పెట్టె దగ్గర ముగిసింది.

బంగ్లాదేశ్ కథ మా లాకు గోడ కథకు మరీ దగ్గరగా ఉంటుంది. స్వాతంత్ర్య యోధుల కుటుంబాలకు ప్రభుత్వోద్యోగాల్లో 30 శాతం కోటాను హైకోర్టు 2024 జూన్‌లో పునరుద్ధరించడంతో విద్యార్థులు రోడ్డెక్కారు. జూలై 21న సుప్రీంకోర్టు ఆ కోటాను 5 శాతానికి తగ్గించింది. అంటే వాళ్లు అడిగినది చాలావరకు ఇచ్చేసింది. కానీ అప్పటికే కాల్పుల్లో ఎందరో పిల్లలు చనిపోయారు. అదే సంవత్సరం జనవరిలో ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించిన ఎన్నికలు జరిగి ఉన్నాయి. ఓటు మీద నమ్మకం ముందే పోయినచోట కోర్టు తీర్పును ఎవరు నమ్ముతారు? జవాబు సరైనదే, చెప్పిన గోడ మీద మాత్రం విశ్వాసం లేదు. ఆగస్టు 5న షేక్ హసీనా దేశం విడిచి వెళ్లారు. నేపాల్‌లో సామాజిక మాధ్యమాల నిషేధం నిప్పురవ్వ అయింది. 2025 సెప్టెంబరు 8న కాల్పులు, 9న ప్రధాని రాజీనామా, పార్లమెంటు భవనానికే నిప్పు.

ఇక ఫ్రాన్స్ సంగతి చూస్తే, వ్యవస్థలు బలంగా ఉంటే వీధి నిశ్శబ్దంగా ఉంటుందన్న మాట నిలవదు. అక్కడ కోర్టులు, పార్లమెంటు, కార్మిక సంఘాలు అన్నీ ఉన్నాయి, ఊరేగింపులూ ఉన్నాయి. పింఛను వయసును 62 నుంచి 64కు పెంచే చట్టాన్ని 2023 మార్చిలో ప్రభుత్వం దిగువ సభలో తుది ఓటింగు లేకుండా, రాజ్యాంగంలోని 49.3 అధికరణాన్ని వాడి దాటించుకున్నప్పుడు ఆ ఆందోళన మరింత ముదిరింది. చట్టం మీద కోపం ఒక ఎత్తు, తమ ప్రతినిధుల చేత చెయ్యి కూడా ఎత్తించలేదన్న కోపం మరొక ఎత్తు. దక్షిణ కొరియాలో 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు సైనిక శాసనం ప్రకటిస్తే, జనం పార్లమెంటు ముందు గుమిగూడారు. లోపలికి చేరుకోగలిగిన 190 మంది సభ్యులు ఏకగ్రీవంగా దాన్ని ఎత్తివేయాలని తీర్మానించారు. నాలుగు నెలలకు రాజ్యాంగ న్యాయస్థానం ఆ అధ్యక్షుణ్ని పదవి నుంచి తొలగించింది. అక్కడ వీధీ సభా ఒకదాన్ని ఒకటి మోశాయి.

మరి మనం? మన దగ్గర పెద్ద గోడ మీది రాతను జనం ఇప్పటికీ నమ్ముతున్నారు. 2019లో 175 స్థానాలకు 151 ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ ఓటరే 2024లో అదే పార్టీకి 11 ఇచ్చాడు. ఎవరు గెలిచారన్నది ఇక్కడ ప్రస్తుతం కాదు. అంత పెద్ద మార్పు ఒక్క కిటికీ అద్దం కూడా పగలగొట్టాల్సిన పని లేకుండా, వేలి మీది సిరాచుక్కతో జరుగుతుందని మన పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలుసు. అందుకే మన ధర్నాలు సచివాలయాన్ని ఆక్రమించడానికి బయల్దేరవు.

అయితే మనకు లేనిది చిన్న గోడ. ఐదేళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రోజుకూ మరో ఐదేళ్ల తర్వాతి రోజుకూ మధ్య, తూము విరిగినా, డ్రెయిన్ పూడినా, ధాన్యం డబ్బు పడకపోయినా చెప్పుకోవలసిన చోట్లు ఖాళీగానో, పేరుకు మాత్రమేనో ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాలో ఎవడి పంట వాడి చేతిలో లేదు. ఎగువవాడి తలుపు మీద దిగువవాడి చేను ఆధారపడి ఉంది. సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టులో ఇన్ని లక్షల మంది నీటిని పంచుకోవాలంటే కూర్చుని తగువు తీర్చుకునే చోటు కావాలి. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను అందుకే ఏర్పాటు చేసింది. రైతులే ఓటేసి ఎన్నుకోవాలి, వంతులు వాళ్లే నిర్ణయించుకోవాలి. కానీ తర్వాత ఎన్నికలు సక్రమంగా సాగలేదు. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగేలోగా సంఘాలు లేని సంవత్సరాలు చాలా గడిచాయి. మన గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో వచ్చాయి. రెండున్నరేళ్ల పాటు ఊరికి సర్పంచి లేడు, ప్రత్యేకాధికారి ఉన్నారు. వార్డు మెంబరు గుమ్మంలో తేలిపోవలసిన మాట తహసీల్దారు కార్యాలయం ముందు షామియానా వేసుకోవడానికి కారణం ఇదే. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: మన ధర్నాలు సంఖ్యలో ఎక్కువ కావడం చిన్న వ్యవస్థల బలహీనతకు గుర్తు, అవి ప్రభుత్వాలను కూల్చేదాకా పోకపోవడం ఓటు అనే పెద్ద వ్యవస్థ బలానికి గుర్తు. రెండూ ఏకకాలంలో నిజమే.

ఒక్క మాట చేర్చకుండా ఉండలేకపోతున్నాను. ధర్నా లేకపోవడం అన్నిసార్లూ మంచి సూచన కాదు. 2011 సార్వా (తొలి పంట) కాలంలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. క్వింటాలుకు మద్దతు ధర 1,080 రూపాయలు, ఖర్చులు దానికి మించిపోతున్నాయి, డ్రెయిన్లు పూడిపోయి నారుమళ్లు మునిగిపోతున్నాయి. ఆ జూన్, జూలై నెలల్లో నేను ఆ దారిన వెళ్తే రోడ్ల మీద టెంట్లు లేవు, నినాదాలు లేవు. నాగలి పడని చేలు, వాటిలో మేస్తున్న గేదెలు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది కానీ, అప్పటికే రైతు అడగడం మానేసి పని మానేశాడు. అర్జీ రాసేవాడికి కార్యాలయం మీద ఆశ ఉంది, రోడ్డెక్కేవాడికి కనీసం ఎవరో చూస్తారన్న ఆశ ఉంది. చేనే వదిలేసినవాడి మౌనం నన్ను భయపెట్టినంతగా ఏ రాస్తారోకో భయపెట్టలేదు.

ప్రశ్న: 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు, రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు సత్యాగ్రహం, శాసనోల్లంఘన కూడా విడిచిపెట్టాలని చెప్పారని మా లెక్చరరు చెప్పారు. అయితే మేము ఫీజుల కోసం చేసే ధర్నా తప్పేనా? (డిగ్రీ విద్యార్థి, అమలాపురం)

జవాబు: తమ్ముడూ, మీ లెక్చరరు చెప్పింది నిజమే. అంబేడ్కర్ ఆ పద్ధతులను అరాచకపు వ్యాకరణం అన్నారు. కానీ ఆ వాక్యానికి ముందున్న వాక్యాన్ని కూడా చదవాలి. రాజ్యాంగ మార్గాలేవీ లేని కాలంలో అలాంటి పద్ధతులకు సమర్థన ఉండేదని ఆయనే ఒప్పుకున్నారు. 1927లో మహద్ చెరువు నీటి కోసం వేలమందిని వెంటబెట్టుకుని నడిచింది, 1930లో నాసిక్ కాలారాం ఆలయం ముందు సత్యాగ్రహం నడిపింది ఆయనే. మన రాజమండ్రిలో 1907లో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును శిక్షణ కళాశాల నుంచి వెళ్లగొట్టారు. ఆనాడు ఆ విద్యార్థి ఎవరికి ఓటేసి ఆ ప్రిన్సిపాలును మార్చగలడు?

మార్గం తెరిచి ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, దాన్ని ప్రతిసారీ కొత్తగా అడగాలి. కాగితం మీద తెరిచి ఉన్న తలుపు చేతితో తోస్తే తెరుచుకోకపోవచ్చు. భాషా రాష్ట్రాల సూత్రాన్ని కాంగ్రెస్ 1920లో ఒప్పుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఒక కమిషను, 1949లో ఒక కమిటీ నివేదిక వచ్చాయి, రెండూ ‘ఇప్పుడే వద్దు’ అన్నాయి. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహార దీక్షలో 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. కోస్తా పట్టణాలు భగ్గుమన్నాయి, నాలుగు రోజులకు ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. మూడు దశాబ్దాలు తేలనిది నాలుగు రోజుల్లో తేలడం ఆ వ్యవస్థకు గౌరవం కాదు. ఆ ఆలస్యానికి మూల్యం ఒక మనిషి ప్రాణం. తర్వాత ఏడాదికి రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని నియమించి, దేశమంతటి కోరికలనూ విన్నారు. వీధి అడిగినదాన్ని వినే గది అప్పుడు కట్టారు.

ఇటీవలి సాగు చట్టాలను చూడు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో, సెలెక్ట్ కమిటీకి పంపాలన్న కోరికను పక్కనబెట్టి రెండు బిల్లులను మూజువాణి ఓటుతో ఆమోదించారు. రైతులు ఢిల్లీ పొలిమేరల్లో ఏడాదికి పైగా చలిలో, ఎండలో కూర్చున్నారు. 2021 నవంబరు 29న రద్దు బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే నిమిషాల్లో పూర్తయింది. గెలిచిన రైతులను నేను గౌరవిస్తాను. కానీ తెచ్చేటప్పుడు సరిగా మాట్లాడని సభ తీసేసేటప్పుడు కూడా మాట్లాడలేదు. ధాన్యం ధర ఎవరు నిర్ణయించాలన్న అసలు ప్రశ్న అలాగే మిగిలింది.

ఇక మీ ఊరి సంగతి దాటవేస్తే నేను నిజాయతీగా రాసినట్టు కాదు. కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడుతూ 2022 మే 18న ప్రాథమిక ప్రకటన వచ్చింది. అభ్యంతరాలకు, సూచనలకు 30 రోజుల గడువు ఇచ్చారు. ఆరు రోజులకే, 24వ తేదీన, ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. తలుపు ఇంకా 24 రోజులు తెరిచే ఉంది. అభ్యంతరాల స్వీకరణ మీద జనానికి నమ్మకం లేదని, అదంతా తంతు అనుకుంటారని ఎవరైనా చెప్పవచ్చు, అందులో కొంత నిజమూ ఉండవచ్చు. అయినా వ్యవస్థ బలహీనతను సాకుగా చూపి ఆ మంటకు మర్యాద కట్టబెట్టడానికి నేను సిద్ధంగా లేను. వాళ్లు కోరింది వినే చోటు కాదు. దేశానికి రాజ్యాంగం రాసిచ్చిన మనిషి పేరు తమ జిల్లా బోర్డు మీద ఉండకూడదని కోరారు, దాని వెనక కులం ఉందని మన ప్రాంతంలో పుట్టినవారెవరికైనా తెలుసు.

మీ ఫీజుల ధర్నా తప్పు కాదు. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19వ అధికరణంలోనే ఉంది, కాబట్టి ధర్నా కూడా రాజ్యాంగ మార్గమే. రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో మన రాష్ట్రంలో వచ్చిన ఒకటో నంబరు జీవోను ఆ మే నెలలో హైకోర్టు కొట్టివేసింది. వీధికి చోటు దొరకడానికి కూడా బలమైన కోర్టు కావాలని గమనించు. నేను చెప్పేది ఒక్కటే: ముందు మీ కళాశాలకు, సంక్షేమ శాఖకు రాసిన కాగితాల నకళ్లు చేతిలో పట్టుకుని కూర్చోండి. ఏ తేదీన అడిగారో, ఏ తేదీ వరకు జవాబు రాలేదో ఫ్లెక్సీ మీద రాయండి.

ప్రశ్న: మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుళాయే ఆధారం. అది ఎండిపోతే ఆరు సోమవారాలు వరుసగా వెళ్లి అర్జీ ఇచ్చాము. ప్రతిసారీ సమస్య పరిష్కారమైందని ఫోనుకు మెసేజ్ వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. ఏడో వారం ఆడవాళ్లమంతా బిందెలతో రోడ్డు మీద కూర్చున్నాము. రెండు గంటల్లో ట్యాంకరు వచ్చింది. ఇంకా అర్జీ ఎందుకు రాయాలండీ? (గృహిణి, రాజోలు ప్రాంతం)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక పైన నేను రాసిందంతా ఒకసారి మళ్లీ సరిచూసుకోవలసి వచ్చింది. రెండు గంటల్లో వచ్చిన ఆ ట్యాంకరు ఆ ఆరు వారాలూ ఎక్కడో ఒక షెడ్డులో ఉండే ఉంటుంది. డ్రైవరు ఉన్నాడు, నీళ్లున్నాయి, డీజిలు ఉంది. అర్జీకి కదలనిది బిందెలకు కదిలింది. రోడ్డు మూసినప్పుడే పలికే అధికారి, తన చేతులతోనే ఊరందరికీ రోడ్డు మూయడం నేర్పుతున్నాడు. రేపు పక్క ఊరివాళ్లు సోమవారం దాకా ఆగరు. పరిష్కారం కాకుండానే పరిష్కారమైందని పంపిన మెసేజ్ దానికంటే పెద్ద అపచారం, ఎందుకంటే అది సుద్దరాతను అబద్ధం చేసింది.

అయినా అర్జీ రాయమనే చెబుతాను, ట్యాంకరు పోయినా కాగితం మిగులుతుంది కనుక. మీ ఆరు అర్జీల నంబర్లు దగ్గర పెట్టుకుని, సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. మూడే అడగండి: ఏ తేదీన ఎవరు వచ్చి మా కుళాయి చూశారు, ఏ ఆధారంతో పరిష్కారమైందని నమోదు చేశారు, ఆ నివేదిక నకలు ఇవ్వండి. 30 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి. ఈలోగా గ్రామసభ పెట్టించి, మంచినీటి గురించి తీర్మానం పుస్తకంలో రాయించండి. బిందెలతో కూర్చున్న ఆడవాళ్లందరూ ఆ సభలో సంతకాలు పెట్టాలి.

మరొక మాట అడుగుతాను. ట్యాంకరుతో వచ్చిన అధికారి చేత, ఏయే రోజుల్లో ఎన్ని గంటలకు ట్యాంకరు వస్తుందో, కుళాయి ఎప్పటికి బాగవుతుందో రాయించుకున్నారా? లేకపోతే ఈ సోమవారం వెళ్లి రాయించుకోండి, ఆ కాగితాన్ని పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి. ఆ తేదీల్లో ఎన్నిటికి ట్యాంకరు వచ్చిందో, ఎన్నిటికి రాలేదో, 30 రోజుల దరఖాస్తుకు ఏమని జవాబిచ్చారో నాకు తప్పకుండా రాయండి. మీ పేరు, ఊరి పేరు వేయకుండా ఇదే శీర్షికలో ప్రచురిస్తాను.